పాఠశాల కచేరీకి ద్వారము: స్వచ్ఛందసేవయా, వెట్టియా?

ఇంగ్లండు దేశమున నివసించు తెలుగు కుటుంబములలో నొక వాదము తఱచుగా వినవచ్చుచున్నది. భర్త యుద్యోగమునుబట్టి సముద్రము దాటి వెళ్లిన చదువుకొన్న గృహిణి, పిల్లలు బడికి పోయిన తరువాత తన కాలమును, తన చదువును సార్థకము చేసికొనదలచి, ఆ బడి కచేరీలోనే గుమాస్తాపని దొరకునా యని విచారించును. "మొదట కొన్నాళ్లు ఉచితముగా పనిచేయుము. వారు నిన్నెఱిగిన పిమ్మట ఖాళీ వచ్చినపుడు దరఖాస్తు పెట్టుము. ఇంటర్వ్యూకు పిలుతురు" అని తోటి తల్లులు చెప్పుదురు. ఈ మాట యింటికి రాగానే రెండు పక్షములు బయలుదేరును. "ఎం.టెక్. చదివిన పిల్ల జీతము లేకుండ కాగితములు సర్దుటయా?" యని మొదటి పక్షము ముక్కున వేలు వేసికొనును. "ఊరక కూర్చుండుటకంటె మేలు కదా, ఎన్నాళ్లయినను చేయనిండు" అని రెండవ పక్షము ఉదారముగా ననుమతించును. మొదటివారికి శ్రమయందు గౌరవము లేదు. రెండవవారి లెక్కలో స్త్రీశ్రమకు వెలయే లేదు. ఈ రెండు మాటలును ఒకే చెట్టు కాయలని మా వాదము.

ముందుగా నా పని యెట్టిదో విచారింతము. మనదేశమున ప్రైవేటు బడి కచేరీ యనగానే ఫీజు పుచ్చుకొని రసీదు చింపి యిచ్చు కిటికీ గుర్తుకు వచ్చును. ఇంగ్లండులో ప్రభుత్వధనముతో నడచు బడులలో ఫీజు లేదు. అచటి గుమాస్తా చేతిలో నుండునవి వేఱు. బడి సంవత్సరమునకు 190 దినములు నడచును. దినమునకు రెండుమాఱులు హాజరు వేయవలెనని శాసనము. ఉదయమున కొక వాలుగీత, మధ్యాహ్నమునకు దాని కెదురుగా వ్రాలిన గీత, రాని పిల్ల కెదుట కారణము తెలుపు సంకేతాక్షరము. బడి మొదలైనది, ఒక పిల్ల రాలేదు, ఇంటినుండి కబురు లేదు. అపుడు తల్లికి, తల్లి పలుకనిచో తండ్రికి, అతడును పలుకనిచో పుస్తకములో నున్న మఱియొకరికి టెలిఫోను చేయునది గుమాస్తా. ఇల్లు విడిచిన పిల్ల బడి చేరలేదన్న సంగతి మొదట బయటపడునది ఆ బల్లయొద్దనే.

సంవత్సరమునకు మూడు పర్యాయములు బడి పిల్లల లెక్కను ప్రభుత్వమునకు పంపవలెను. బడికి వచ్చు ద్రవ్యము ఆ లెక్కమీద నాధారపడియుండును. 2014వ సంవత్సరము సెప్టెంబరు మొదలు మొదటి మూడు తరగతుల పిల్లలందఱకును మధ్యాహ్నభోజన ముచితము. పై తరగతులవారికి తల్లిదండ్రుల రాబడినిబట్టి యిత్తురు. పేదపిల్లల పేరు సరిగా నమోదైననే వారి నిమిత్తము బడికి వచ్చు ప్రత్యేకధనము వచ్చును. అభిమానముచేత దరఖాస్తు పెట్టుటకు వెనుదీయు తల్లిని నలుగురిలో చిన్నబుచ్చక, మెల్లగా ఒప్పించి సంతకము చేయించుట యెంత సున్నితమైన పనియో చదువరు లూహింపగలరు. ఇవిగాక పిల్లల మందులు, అలర్జీ పట్టికలు, వచ్చిపోవువారి పేర్లు, వారి మెడలో వేయు బిళ్లలు, ఎవరికి తలుపు తీయవలెను, ఎవరికి తీయరాదు అను విచక్షణ. ఇంగ్లీషు రాని క్రొత్త తల్లి బల్లయెదుట నిలిచి మాటకు తడుముకొనుచున్నపుడు, రెండు మూడు భారతీయభాష లెఱిగిన తెలుగు స్త్రీ అచట నుండుట ఆ బడికే లాభము. ఇట్టి పనిని "కాగితములు సర్దుట" యని తేలికచేయువారు ఒక్కదినమైనను ఆ బల్లయొద్ద కూర్చుండి చూడవలెను.

ఈ పనికి మనుష్యులను తీసికొనుటలో ఇంగ్లండువా రింత జాగ్రత్త పడుటకు కారణము కలదు. 2002వ సంవత్సరము ఆగస్టు నెలలో కేంబ్రిడ్జి మండలమందలి సోహమ్ అను చిన్న పట్టణమున పదేండ్ల బాలిక లిద్దఱు హత్య కావింపబడిరి. చంపినవాడు ఆ యూరి ఉన్నతపాఠశాల కట్టడమును చూచుకొను ఉద్యోగి. వేఱొక ప్రాంతమున అతనిపై పూర్వము పలుమాఱు ఫిర్యాదులు వచ్చియున్నను, అతనిని పనిలో పెట్టుకొన్నవారికి ఆ సంగతి చేరలేదు. దీనిపై జరిగిన బిచార్డు విచారణ నివేదిక 2004లో వెలువడెను. 2006లో శాసనము వచ్చెను. 2012లో నేరచరిత్ర పరిశీలనకై ఒక ప్రత్యేకసంస్థ యేర్పడెను. నేడు పిల్లల నడుమ పనిచేయగోరు వ్యక్తి ఈ పరిశీలనకు లోబడవలెను. ఉచితసేవ చేయువారికి ఆ పరిశీలన రుసుము లేదు. విదేశమున నివసించి వచ్చినవారిని, ఆ దేశపు పోలీసు ధ్రువపత్రమును గూడ అడుగవచ్చును. "మమ్ము దొంగలవలె చూచుచున్నారు" అని కొందఱు నొచ్చుకొందురు. ఇది రెండు చిన్న ప్రాణములు పోయిన పిమ్మట నేర్చుకొన్న పాఠము. దీనికి నొచ్చుకొనుట తగదు.

ఇక స్వచ్ఛందసేవ సంగతి. అది ఎందుకు ద్వారమగుచున్నదో ముందు చెప్పవలెను. క్రొత్తగా వచ్చిన స్త్రీని ఆ దేశమున ఎఱిగినవారు లేరు. మనవారు "సంబంధించినవారికి" అని తలకట్టు పెట్టి, ప్రిన్సిపాలుచేత సంతకము చేయించిన సత్ప్రవర్తన పత్రమును పెట్టె యడుగున భద్రముగా తీసికొని పోవుదురు. అచటి బడులు అట్టి బహిరంగపత్రమును నమ్మరాదని నియామక సూచనలలోనే యున్నది. అభ్యర్థిని ఎఱిగిన వ్యక్తికి తామే వ్రాసి, ఆ వ్యక్తి నుండియే నేరుగా సమాధానము తెప్పించుకొందురు. ఒక బడిలో కొన్నివారములు పనిచేసిన స్త్రీని గూర్చి చెప్పుటకు అచటనే ఒక పెద్ద యుండును. ఆమెకును హాజరుపట్టీ భాష, కంప్యూటరులో పిల్లల వివరముల నమోదు, బల్లయెదుట మాటతీరు తెలియును. తనకీ పని నచ్చునో నచ్చదో గూడ తేలును. ఇంతవఱకు సేవ న్యాయము, లాభకరము.

సేవకురాలి నిష్ఠ యెట్టిదో మన తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సందర్భమున ఖద్దరు ప్రదర్శన ద్వారమున కావలియుండిన పదునాలుగేండ్ల వాలంటీరు దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే లోనికి పోనీయలేదు. టిక్కెట్టు తెచ్చి యిచ్చిన తరువాతనే ఆయన లోనికి పోయెను. జీతము లేకున్నను ఆ బాలిక నియమమును సడలింపలేదు. "ఈయన పెద్దవాడు, ఈమె తెలిసినది" అని తలుపు తీయని మనిషియే బడి కచేరీకిని కావలెను. ఆ బాలికయే తరువాత 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, వేలకొలది స్త్రీలకు చదువును, జీతమువచ్చు పనిని చూపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యెను. సేవతో మొదలిడిన ఆమె, స్త్రీలు ఎల్లకాలము ఉచితసేవలోనే యుండవలెనని చెప్పలేదు. సేవను పొగడువారు ఈ రెండవ సగమును మఱచుచున్నారు.

ఇచటనే రెండవ పక్షమువారితో మాకు తగవు. "ఎన్నాళ్లయినను చేయనిండు" అను మాటలో నున్న యన్యాయమును వారు గుర్తింపరు. బ్రిటనులో 1998వ సంవత్సరపు కనీసవేతన శాసనము, ధర్మసంస్థలకును ప్రభుత్వశాసనముచే నేర్పడిన సంస్థలకును దారిఖర్చులవంటివి తప్ప ఏమియు పుచ్చుకొనక సేవచేయువారికి వర్తింపదు. కావున హద్దు గీయువారు వేఱొకరు లేరు. ఆ హద్దును స్త్రీయే గీచుకొనవలెను. వారమున కొకటి రెండు పూటలు. ఒక విద్యాకాలము. మొదటిదినముననే నిర్ణయించుకొన్న పని. కాలము ముగియగానే, "నా పనిని గూర్చి అడిగినవారికి మీరు వ్రాయుదురా?" యని మర్యాదగా నడుగుట. ఇది సేవ. జీతముగల గుమాస్తా మానివేసిన కుర్చీలో, ఆ స్థానమును నింపకయే, ఉచితముగా వచ్చు తల్లిని నెలల తరబడి కూర్చుండబెట్టినచో అది సేవ కాదు, వెట్టి.

వెట్టి యన్న మాటను మేము తేలికగా వాడుటలేదు. తెలంగాణమున ఆ మాట కెంత కన్నీరు అంటియున్నదో చదువరు లెఱుగుదురు. 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభలు వెట్టిపై గొంతెత్తినవి. మన రాజ్యాంగపు 23వ అధికరణము దానిని నిషేధించినది. ఇంగ్లండు బడికిపోవు గృహిణి కడుపు నిండియున్నది. ఆమె నెవరును కొరడాతో నడిపింపలేదు. ఆ దుస్థితితో దీనికి సాటి లేదు. ఐనను మూలసూత్ర మొకటే: ఒకరి శ్రమకు వెల యున్నదని తెలిసియు, ఆ మనిషి నోరు విప్పదు గనుక వెల యీయకుండుట. అంతేకాదు, ఉచితముగా చేయు స్త్రీ పని జీతమునకు చేయు వేఱొక స్త్రీ కూటిని తీయవచ్చును. "ఆమె వచ్చి చేయుచున్నదికదా, నీకిన్ని గంట లెందుకు?" అని గుమాస్తా గంటలు తగ్గించుట కది సాకగును. భర్త జీతముతో ఇల్లు గడచు స్త్రీ మాత్రమే ఉచితముగా చేయగలదు. ఒంటిచేతితో బిడ్డను పెంచుకొను తల్లి చేయలేదు. సేవచేసినవారికే ఉద్యోగమను నియమ మేర్పడినచో, జీతము ఎక్కువ అవసరమున్న స్త్రీయే వాకిటి బయట నిలువవలసివచ్చును. కాబట్టి సేవ ఒక దారిగా నుండవచ్చును గాని ఏకైక ద్వారమై యుండరాదు.

అమెరికాలోని సోదరీమణులకు ఇచట నొక హెచ్చరిక యవసరము. ఇంగ్లండులో ఉద్యోగి వెంట వెళ్లిన జీవితభాగస్వామికి పనిచేయు ననుమతి సాధారణముగా కలదు. అమెరికాలో హెచ్-4 వీసాపై నున్నవారి కట్లు కాదు. 2015 నుండి వారిలో కొందఱకు, భర్త లేక భార్య శాశ్వతనివాసపు దరఖాస్తు కొంతదూరము నడచినవారికి, అనుమతిపత్రము లభించుచున్నది. అది లేనివారు, సాధారణముగా జీత మిచ్చి చేయించుకొను పనిని ఉచితముగా చేసినను చిక్కులో పడవచ్చును. "జీతము లేదుకదా, ఏమగును?" అను ధైర్యము అచట పనికిరాదు.

ఇంటర్వ్యూ మాటకు వత్తము. సేవచేసినంతమాత్రాన ఉద్యోగ మీయరు. ఈయకుండుటే న్యాయము. ఖాళీని ప్రకటించి, అందఱ దరఖాస్తులును ఒకే కొలతతో చూతురు. ఉద్యోగికి తప్పక యుండవలసిన గుణములు, ఉన్న మేలైన గుణములు అని రెండు పట్టికలు ప్రకటనలోనే యుండును. వానికి ఒక్కొక్కదానికి ఉదాహరణ చూపినవారికే పిలుపు. మన స్త్రీల దరఖాస్తులలో రెండు లోపములు కనబడును. మొదటిది, చదువుల జాబితాతో పుట నింపుట. ఎం.టెక్. యని వ్రాసినంతనే, కోపముతో వచ్చిన తండ్రిని శాంతపఱుపగలదని యెవరు నమ్ముదురు? ఒకే సమయమున టెలిఫోను మ్రోగుచుండగా, మోకాలు కొట్టుకొన్న పిల్ల యేడ్చుచుండగా, సరకు తెచ్చినవాడు తలుపు తట్టుచుండగా, ఏది ముందు చేసితినో, ఏల చేసితినో చెప్పగల యొక్క నిజమైన ఉదాహరణ పది పట్టములకు సాటి. తెలుగుసంఘపు లెక్కలు వ్రాసినను, ఆదివారపు తెలుగుబడిలో పిల్లల పట్టిక నడపినను, అది అనుభవమే. దానిని సిగ్గుపడక వ్రాయవలెను.

రెండవ లోపము, మధ్య నుద్యోగము లేని సంవత్సరములను దాచుట. పిల్లల నడుమ పనికి వచ్చువారి యుద్యోగచరిత్రలో ఖాళీలున్నచో, అవి యేలనో అడిగి తెలిసికొనుట అచటి పద్ధతి. దాచినచో అనుమానము పుట్టును. "ఈ నాలుగేండ్లు బిడ్డను పెంచితిని" అని తిన్నగా వ్రాసినచో ప్రశ్న తీఱిపోవును. బిడ్డను పెంచిన కాలమును తప్పు చేసిన కాలమువలె దాచుకొనుట మనయింటి పెద్దలు నేర్పిన పాఠము. "ఇంటిలో ఖాళీగా నున్నది" అని ఎన్నిసార్లు చెప్పి ఆమెచేత నమ్మించితిమో ఎవరికివారే లెక్కించుకొనవలెను.

ఇంటర్వ్యూలో తప్పక వచ్చు ప్రశ్న యొకటి: "ఒక బిడ్డ నీయొద్దకు వచ్చి, నీకొక రహస్యము చెప్పెదను, ఎవరికిని చెప్పవద్దు, అనినచో ఏమిచేయుదువు?" అని. మన స్త్రీలలో పలువురు వాత్సల్యముచేత "చెప్పనని మాట యిత్తును" అందురు. ఆ యొక్క సమాధానముతో ఉద్యోగము పోవచ్చును. పోవుటయు న్యాయమే. రహస్యముగా నుంచెదనని మాట ఈయరాదు. బిడ్డ చెప్పినది శాంతముగా వినవలెను. నోటిలో మాటలు పెట్టు ప్రశ్నలు వేయరాదు. బిడ్డ వాడిన మాటలతోనే వ్రాసికొని, పిల్లల రక్షణకై ఆ బడిలో నియమింపబడిన పెద్దకు వెంటనే చెప్పవలెను. ఆ బిడ్డ తండ్రి మనకు తెలిసినవాడైనను, మన సంఘములోనివాడైనను అంతే. పరువు పేర ఇంటిగుట్టు దాచుటకు అలవడిన మనజాతికి ఈ ప్రశ్నకు సమాధానము నేర్చుకొనుట, ఉద్యోగము వచ్చినను రాకున్నను, గొప్ప చదువు.

అచటి నియామకసంఘములో కనీస మొకరైనను ఇట్టి నియామకములలో తరిఫీదు పొందినవారై యుండవలెనని ప్రభుత్వపాఠశాలలకు నిబంధన. 2010వ సంవత్సరపు సమానత్వ శాసనమునుబట్టి, కొన్ని మినహాయింపులు తప్ప, ఉద్యోగ మిచ్చెదమని చెప్పుటకు ముందు ఆరోగ్యమునుగూర్చి యడుగరాదు. ఇపుడు మనయింటివైపు చూడుడు. మన ప్రైవేటుబడులలో కొన్నిటియందు, కచేరీపనికి వచ్చిన స్త్రీని మొట్టమొదట అడుగు ప్రశ్న లేవి? "పెండ్లి అయినదా? పిల్లలెందఱు? మీవారేమి చేయుదురు? ఎవరు పంపినారు?" చివరి ప్రశ్నకు సమాధానము బాగున్నచో తక్కినవానితో పనిలేదు. సిఫారసుతో వచ్చినవారి గతమును విచారించుట మర్యాద కాదని మన నమ్మకము. 2022లో హైదరాబాదులో నొక ప్రైవేటుబడిలో, ప్రధానోపాధ్యాయురాలి కారు నడుపువాడు నాలుగేండ్ల పసిపిల్లపై అత్యాచారము చేసెనన్న వార్తతో నగరము దద్దరిల్లెను. గదులలో ఎవరు తిరుగుచున్నారో కనిపెట్టు కచేరీ యుండవలెనని అపుడు తల్లిదండ్రులు వీథికెక్కి అడిగిరి. సోహమ్ తరువాత ఇంగ్లండు తన నియామకపద్ధతిని మార్చుకొన్నది. మన పద్ధతిలో సిఫారసుచీటి యింకను ముందు నడచుచున్నది. మాకు కావలసిన సంస్కరణ ఇదియే: ప్రకటన, ఒకే కొలత, గతవిచారణ, తగిన జీతము. దీనికి విదేశీధనము అక్కఱలేదు.

జీతమునుగూర్చియు కన్నులు తెఱచి యుండవలెను. అచటి బడి కచేరీ యుద్యోగములు పెక్కు బడి నడచు కాలమునకే, సంవత్సరమునకు సుమారు 39 వారములకే యుండును. ప్రకటనలో కనబడు అంకె సంవత్సరమంతయు పూర్తిగంటలు చేసినవారిది. చేతికి వచ్చునది గంటలకును వారములకును తగినట్లు తగ్గి, పండ్రెండు నెలలకు పంచబడును. ప్రభుత్వబడులలో పింఛను సదుపాయము కలదు. పిల్లల సెలవులే తల్లికిని సెలవులగుట గొప్ప వెసులుబాటు. ఐతే ఈ వెసులుబాటునే చూపి, "స్త్రీలకు జీత మెందుకు, సెలవులు చాలవా?" యను తర్కమును అంగీకరింపరాదు. సెలవులతో ఇంటి అద్దె చెల్లదు.

మొదటి పక్షమువారికి తుదిమాట. 1874లో వీరేశలింగంపంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినపుడు, ఆడపిల్లకు చదువేల, ఉద్యోగము చేయునా యని హేళన చేసినవా రుండిరి. నేడు వారి మునిమనుమలు "ఉద్యోగము చేయునుగాని గుమాస్తాపని చేయునా?" యని అడుగుచున్నారు. హేళన మెట్టు మాఱినది, గుణము మాఱలేదు. భార్య బల్లయొద్ద కూర్చుండినచో తన హోదా తగ్గునని తలచు భర్త, ఆమె చదువును ఇన్నేండ్లు అటకమీద పెట్టినపుడు ఏ హోదా పెరిగినదో చెప్పవలెను. నిజముగా ఆమెకు తోడ్పడదలచినచో చేయవలసినది చాల చిన్నది: ఇంటర్వ్యూనాటి యుదయమున పిల్లను తానే బడికి దిగబెట్టుట, ముందురాత్రి ప్రశ్నలు వేసి ఆమె సమాధానములు వినుట, వంట తానే చేయుట.

సోదరీమణులారా! సేవ చేయుడు, గడువు పెట్టుకొని చేయుడు. నేర్చుకొనుడు, నేర్చిన తరువాత వెల అడుగుడు. ఇంటర్వ్యూకు తలవంచుకొని పోకుడు. మీరడిగినది దానము కాదు, పని. ఒకమాఱు రాకపోయినచో, ఎందులో తక్కువైతిమో చెప్పుడని మర్యాదగా అడుగుడు. అట్లు అడిగినవారికి చెప్పుట అచట సాధారణమే. బడి నడపు పెద్దలారా! ఉచితముగా వచ్చిన చేతులను చూచి జీతపుపట్టికను కుదింపకుడు. బిడ్డలను కనిపెట్టు బల్లయొద్ద కూర్చుండు మనిషికి కడుపునిండ కూడు పెట్టలేని బడి, ఆ బిడ్డల రక్షణనుగూర్చి గోడమీద వ్రాసికొన్న మాటలు వట్టి సున్నమే.